రెండు వేల గంటలా, రెండు నెలలా

ప్రవర్తనా ఆరోగ్య సేవలు అన్న పేరు కిందికి మానసిక రుగ్మతల చికిత్స ఒక్కటే కాక, మద్యం, మత్తుమందుల వ్యసనం నుంచి బయటపడేవారికి అందించే తోడ్పాటు, ఆత్మహత్యల నివారణ, కాన్పు తరువాత దిగులులో పడిన తల్లికి ఇచ్చే ఆసరా, దీర్ఘరోగంతో బతికే మనిషి మందులు మానకుండా చూసే పని కూడా వస్తాయి. ఈ రంగం పై మెట్టున ఉండే సైకియాట్రిస్టుకూ, క్లినికల్ సైకాలజిస్టుకూ ఏ చదువు ఉండాలన్న విషయంలో పెద్ద వివాదం లేదు. వివాదమంతా అడుగు మెట్టు దగ్గరే ఉంది. ఇంటి గుమ్మంలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలోనో బాధితుణ్ణి అందరికన్నా ముందు కలిసే మనిషికి ఎంత చదువు, ఎంతకాలం శిక్షణ, ఎవరి పర్యవేక్షణ ఉండాలన్నది భారతదేశంలో చట్టమూ క్షేత్రానుభవమూ చెరొక సమాధానం చెబుతున్న ప్రశ్న.

ఆ రెండు సమాధానాలను ఈ సంవాదంలో ఇద్దరు వినిపిస్తారు. ఒకరు విశ్వవిద్యాలయంలో క్లినికల్ సైకాలజీ బోధించి పదవీ విరమణ చేసిన ఆచార్యుడు, మరొకరు గ్రామీణ, గిరిజన ప్రాంతాల కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే శిక్షకురాలు. ఇద్దరూ కల్పిత పాత్రలే అయినా, వారి వాదాలు ఆరోగ్య శాఖ సమావేశాలలో ఎక్కడైనా వినిపించేవే.

ఆచార్యుడు: చర్చ చట్టంతో మొదలవడం మంచిదమ్మా. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2021లో ఆమోదించింది. వైద్యులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు ఉన్నట్టు ఒక నియంత్రణ వ్యవస్థ లేక చెల్లాచెదురుగా ఉండిపోయిన అనేక వృత్తులను ఆ చట్టం ఒక గొడుగు కిందికి తెచ్చి, ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల వారికి అందులో చోటిచ్చింది. దాని షెడ్యూలులో ప్రవర్తనా ఆరోగ్య కౌన్సెలర్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ మొదలైనవారితో పాటు మానసిక ఆరోగ్య సహాయక కార్యకర్త పేరు కూడా ఉంది. అనుబంధ ఆరోగ్య వృత్తిదారు అనిపించుకోవడానికి రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2,000 గంటల డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలని, ఆ పై స్థాయికి మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలని చట్టం నిర్ణయించింది. ఎన్నో ఏళ్లకు ఒక గీత గీసిన తరువాత, ఆ గీతకు అవతల రెండు వారాల శిక్షణతో, రెండు నెలల శిక్షణతో మనుషులను తయారుచేసి పంపడం చట్టం స్ఫూర్తికి విరుద్ధం కాదా?

శిక్షకురాలు: గీత గీయడం తప్పని ఎవరూ అనరు మాస్టారూ. గీతకు ఇవతల ఎంతమంది ఉన్నారన్నదే ప్రశ్న. 2015–16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దేశం మొత్తం మీద లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేరు, ఉన్నవారిలో ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. ఇది నిన్నగాక మొన్న తెలిసిన సంగతి కూడా కాదు. 1975లోనే చండీగఢ్ దగ్గరి రాయ్‌పూర్ రాణిలో, బెంగళూరు దగ్గరి సకలవారలో ప్రాథమిక ఆరోగ్య కార్యకర్తలకు మానసిక రుగ్మతలను గుర్తించడం నేర్పి చూశారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బళ్లారి జిల్లాలో పరీక్షించిన నమూనా ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు, ఎంపికైన తొలి నాలుగు జిల్లాలలో మెదక్ ఒకటి. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా మండల స్థాయిలో మనసు బాగాలేదని చెప్పుకోవడానికి ఒక మనిషి దొరకని చోట్లు ఉన్నప్పుడు, 2,000 గంటలు పూర్తిచేసినవారు వచ్చేదాకా ఆగమని ఎవరికి చెప్పాలి?

ఆచార్యుడు: ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవన్నది గుర్తుంచుకోవాలి. కొరత నిజమే. అయితే కొరత ఉందన్న కారణంతో ఇంజనీరు లేకుండా వంతెన కట్టరు కదా.

శిక్షకురాలు: కొరతను చూపి అనుమతి అడగడం కాదు, ఫలితాన్ని చూపి అడగడం. గోవాలో సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం కలిసి చేసిన మానస్ అధ్యయనం 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మానసిక ఆరోగ్యంలో ముందస్తు చదువేమీ లేని స్థానిక మహిళలకు రెండు నెలల శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాలలో కూర్చోబెట్టారు. దిగులు, ఆందోళన వంటి సాధారణ రుగ్మతలు ఉన్నవారిలో ఆరు నెలలకు కోలుకున్నవారు, ప్రభుత్వ కేంద్రాలలో, ఈ సేవ అందినచోట సుమారు 66 శాతం, అందనిచోట సుమారు 42 శాతం. తరువాత అదే బృందం తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారి మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు వైద్యానికి తోడు ఆరు నుంచి ఎనిమిది విడతల మాటల చికిత్స అందినవారిలో 64 శాతం మందికి మూడు నెలలలో లక్షణాలు తగ్గగా, మామూలు వైద్యం ఒక్కటే అందినవారిలో 39 శాతం మందికే తగ్గాయి. ఆ చికిత్స ఇచ్చినవారు సైకాలజిస్టులు కారు, హైస్కూలు చదువైనా పూర్తిచేసిన స్థానికులు.

శిక్షకురాలు చెప్పిన ఆ మాటల చికిత్సను ప్రవర్తనా క్రియాశీలన అంటారు. దిగులుపడిన మనిషి క్రమంగా ఒక్కొక్క పనినీ వదులుకుంటాడు, పని వదిలిన కొద్దీ దిగులు పెరుగుతుంది. ఆ వలయాన్ని తెంచడానికి మనసు కుదుటపడేదాకా ఆగకుండా, చిన్నచిన్న పనులను తిరిగి మొదలుపెట్టించి, ఏ పని చేసినప్పుడు మనసు ఎలా ఉందో గమనించేలా చేయడమే ఈ పద్ధతి సారం. బాల్యం లోతులు తవ్వడం, అంతర్మనస్సును విశ్లేషించడం ఇందులో లేవు గనుకనే హైస్కూలు చదివినవారికి నేర్పడం సాధ్యమైంది. పరిశోధకులు దీనిని పనిని పంచుకోవడం అని పిలుస్తారు. నిపుణుడు చేసే పనిలో విడదీయగల భాగాన్ని విడదీసి, తక్కువ శిక్షణతో చేయగలవారికి అప్పగించడమన్న మాట.

ఆచార్యుడు: మానస్ అధ్యయనంలోనే ప్రైవేటు క్లినిక్కులలో ఏ తేడా కనబడలేదన్న సంగతి కూడా చెప్పాలి కదమ్మా. అక్కడ రోగితో వైద్యుడే ఎక్కువసేపు గడపడం కారణమని కొందరి ఊహ. ఏదైనా, అదే శిక్షణ ఒకచోట పనిచేసి మరొకచోట పనిచేయలేదంటే, ఫలితం శిక్షణ ఒక్కదానిదే కాదని తేలుతోంది. అంతకన్నా పెద్ద సంగతి, 2017 అధ్యయనంలో కౌన్సెలర్లకు ఇచ్చింది మూడు వారాల శిక్షణే అని అందరూ చెబుతారు గానీ, ఆ తరువాత ఆరు నెలలపాటు పర్యవేక్షణలో పనిచేయించి, ప్రమాణాలకు సరితూగినవారినే అధ్యయనంలోకి తీసుకున్నారన్నది చెప్పరు. వారానికోసారి బృంద సమావేశం, రికార్డు చేసిన సంభాషణలను వినడం, వాటికి మార్కులు వేయడం, దానిపైన నెలకు రెండుసార్లు వ్యక్తిగత పర్యవేక్షణ, ఇవన్నీ ఉన్నాయి. ఇవన్నీ లెక్కిస్తే దానిని మూడు వారాల శిక్షణ అనడం సరికాదు.

ఈ ఘట్టంలో ఆచార్యుడి పట్టు గట్టిదని ఒప్పుకోక తప్పదు. తక్కువ శిక్షణ సరిపోతుందని వాదించేవారు తరచు ఉదహరించే అధ్యయనాలలో శిక్షణ తక్కువే గానీ, శిక్షణ తరువాతి కాపలా చాలా ఎక్కువ. ప్రభుత్వ ఉత్తర్వులలోకి వచ్చేసరికి మొదటిది మిగిలి రెండవది జారిపోతుంది. శిక్షకురాలు దానిని ఖండించలేదు, చర్చను శిక్షణలో ఏముంటుందన్న వైపు మళ్లించింది.

శిక్షకురాలు: గంటల లెక్క పక్కన పెట్టి తరగతి గదిలో జరిగేది చూడాలి మాస్టారూ. తొలి మెట్టు శిక్షణలో మొదటి కొన్ని రోజులు కొత్తది నేర్పడానికి కాదు, ఉన్న అలవాటును మాన్పించడానికే సరిపోతాయి. ఎదుటి మనిషి ఏడిస్తే ఊరుకో ఊరుకో అనడం, అందరి ఇళ్లలో ఉండేదేగా అనడం, పిల్లల మొహం చూసి బతకాలి అని బుద్ధి చెప్పడం, దేవుడి మీద భారం వేయమనడం, ఇవన్నీ మంచి మనసుతో అనేవే. కానీ ఇవి ఎదుటివారి నోరు మూయించే మాటలు. అందుకని శిక్షణలో ఒకరు బాధితురాలిగా, మరొకరు కార్యకర్తగా నటిస్తారు, మిగిలినవారు చుట్టూ కూర్చుని సలహా ఎన్నోసారికి బయటపడిందో లెక్కపెడతారు. సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వినడం చాలామందికి ప్రాణసంకటంగా ఉంటుంది. దాని తరువాతే ప్రశ్న అడగడం, చెప్పిన దానిని తిరిగి వారి మాటల్లోనే చెప్పి సరిచూసుకోవడం, సమస్యలను ఏరి అందులో చేతికి అందేదానిని ముందు పట్టుకోవడం వస్తాయి.

ఆచార్యుడు: ఆత్మహత్య గురించి అడగడం ఎన్నో రోజున నేర్పుతారు?

శిక్షకురాలు: అన్నిటికన్నా ఎక్కువసార్లు సాధన చేయించేది దానినే. డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పట్టికలో, గత రెండు వారాలలో ఏది ఎంత తరచుగా వేధించిందో అడిగి ఒక్కొక్క జవాబుకు 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 27లో 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే శ్రద్ధ పెట్టాలి. అయితే చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏ జవాబు వచ్చినా మొత్తంతో పని లేకుండా అక్కడ ఆగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని దాదాపు ప్రతి బృందమూ భయపడుతుంది. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని డొంకతిరుగుడు లేకుండా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎలా అన్నది కూడా ఆలోచించారా, ఇంట్లో పురుగుమందు ఉందా, అది ఎక్కడ పెట్టారు అని వరసగా అడగడం నేర్పుతారు. ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకంటే పత్తి, మిర్చి పండించే ఇళ్లలో మందు డబ్బా మంచం కిందే ఉంటుంది. ఆవేశం దాటే కొద్ది గంటలు ఆ డబ్బా చేతికి అందకుండా చేస్తే ప్రాణం దక్కే అవకాశం బాగా పెరుగుతుంది.

ఆచార్యుడు: ఇది చక్కగానే ఉంది. ఇక చక్కగా లేని సంగతి. తాగుడు మానేయమని చెప్పడం మంచి మాటేనని ఎవరైనా అనుకుంటారు. కానీ ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే చేతుల వణుకుతో మొదలై, ఒకటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు, మరొక రోజు గడిచేసరికి లేనివి కనిపిస్తూ తాను ఎక్కడున్నదీ తెలియని స్థితి రావచ్చు. డెలీరియం ట్రెమెన్స్ అనే ఆ స్థితికి చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. తెలంగాణలో దీనికి మరొక చిక్కు ఉంది. అల్ప్రాజోలం, డయాజెపాం వంటి మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాడు కల్లు ఆపితే, ఆగేది కల్లు ఒక్కటే కాదు, ఆ మందులు కూడా. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడిన కొద్ది రోజులకే వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పిన మాటలతో జనం ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు పోటెత్తడం పత్రికలన్నీ రాశాయి. ఇప్పుడు రెండు నెలలు శిక్షణ పొందిన మనిషి, ఎంతో ఉత్సాహంతో, ఈ రోజు నుంచే మానేయండి అని ఒక ఇంట్లో చెప్పి వస్తే ఏమవుతుంది? వైద్యంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది తెలియకపోవడం కాదు, ఎక్కడిదాకా తెలుసో తెలియకపోవడం.

శిక్షకురాలు: ఆ కారణంతోనే తొలి మెట్టు శిక్షణ చిన్నదిగా మాత్రమే కాక, ఇరుకుగా కూడా ఉండాలి. చేయవలసినవాటి పట్టిక ఒక పేజీ ఉంటే, చేయకూడనివాటి పట్టిక రెండు పేజీలు ఉండాలి. రోగం పేరు పెట్టకూడదు, మాత్ర ఆపమనకూడదు, మొదలుపెట్టమనకూడదు. రోజూ తాగేవారికి ఒక్కసారిగా మానమని చెప్పకూడదు, ముందు డాక్టరు దగ్గరకు పంపాలి. చెవిలో మాటలు వినబడుతున్నాయన్నా, ఎవరో తనను వెంటాడుతున్నారన్నా, మూర్ఛ వచ్చినా, కాన్పైన నెలలోపు తల్లి ఉన్నట్టుండి వింతగా ప్రవర్తించినా అక్కడ కౌన్సెలింగ్ పనికిరాదు, ఆ రోజే పై స్థాయికి చేర్చాలి. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ నడిపిన ప్రయోగంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ మీద ప్రశ్నలు అడిగి గుర్తించేదాకానే ఉన్నారు. నిర్ధారణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుదే, ఆ డాక్టరుకు కూడా ఎలా ముందుకు పోవాలో మెట్టు మెట్టుగా చూపే సాధనాన్ని ట్యాబ్‌లోనే ఇచ్చారు. డాక్టరు రాసిన చికిత్సను మానకుండా చూడడానికి కార్యకర్త మళ్లీ ఇంటికి వెళ్లేది. కొద్ది శిక్షణ పొందిన మనిషికి కొద్ది పనే అప్పగిస్తే, మాస్టారు చెప్పిన ప్రమాదం సగం తగ్గుతుంది.

ఆచార్యుడు: మిగిలిన సగం?

శిక్షకురాలు: మిగిలిన సగం ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరా ఉంది.

ఎత్తిపొడుపులా వినిపించినా అది నిరాధారమైన మాట కాదు. వైద్య విద్యార్థి చదువులో మానసిక వైద్యానికి చాలాకాలం దక్కింది కొద్ది వారాలే. ప్రభుత్వ వైద్యాధికారులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక ఆరోగ్య సేవలలో శిక్షణ ఇవ్వాలని, నిపుణుల సంఖ్యను పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చే ప్రయత్నం చేయాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 31వ సెక్షన్‌లో రాసుకోవలసి రావడం ఆ లోటుకు సాక్ష్యం. ఆ చట్టం అమలులోకి వచ్చింది 2018లో, అంటే గడువు 2028.

ఆచార్యుడు: గోవాకూ గోదావరికీ ఉన్న తేడా మరొకటి ఉంది, పరిశోధన పత్రాలలో దానికి తగినంత చోటు దొరకదు. మానస్ కౌన్సెలర్ ఆరోగ్య కేంద్రంలో కూర్చునేది, రోగి అక్కడికి వచ్చి వెళ్లిపోయేది. ఆశా కార్యకర్త అదే వీధిలో ఉంటుంది, వరసకు వదినో, పిన్నో అవుతుంది, రేపు అదే ఇంటికి పెళ్లి భోజనానికి వెళుతుంది. కోడలు తన దిగులుకు కారణం అత్తగారని ఎవరితో చెప్పుకుంటుంది, ఆ అత్తగారి చుట్టంతోనా? రోగి వివరాలు గోప్యంగా ఉండాలన్నది 2017 చట్టం ఇచ్చిన హక్కు. ఊళ్లో ఆ హక్కును కాపాడేది ఎవరు? ఇక కులం సంగతి. దళితవాడ నుంచి వచ్చిన కార్యకర్తను పెద్దకులం ఇంటివారు గడప దాటనివ్వని ఊళ్లలో, ఆమె ముందు మనసు విప్పుతారా? అటునుంచి చూసినా, పెద్దకులం కార్యకర్త ముందు కూలి మనిషి తన అప్పుల సంగతి చెబుతాడా? విశ్వవిద్యాలయంలో చదివినవాడు ఊరికి పరాయివాడు కావడం ఒక లోపమే గానీ, ఈ ఒక్క విషయంలో ఆ పరాయితనమే రక్షణ.

శిక్షకురాలు: దీనికి శిక్షణ ఒక్కటే జవాబు కాదని ఒప్పుకోవాలి. గోప్యత గురించి తరగతిలో ఎంత చెప్పినా, ఊరి నోరు శిక్షణకు లొంగదు. కొన్నిచోట్ల పక్క ఊరి కార్యకర్తను ఎంచుకునే వీలు ఇస్తారు, కొన్నిచోట్ల మాట్లాడడం కేంద్రంలోనే జరుగుతుంది, ఇంటికి వెళ్లినప్పుడు బీపీ, షుగరు సంగతి తప్ప ఎత్తరు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసినవారికి గొంతు తప్ప మొహం తెలియని కౌన్సెలర్ దొరుకుతుంది. కొందరికి అదే నయం. కాని ఫోన్ సొంతంగా లేని కోడలికి అది కూడా దక్కదు. ఇక కులం విషయానికి వస్తే, అది కార్యకర్త తెచ్చిన సమస్య కాదు, రెండు వేల గంటలు చదివినవాడు కూడా కులం వదిలిపెట్టి రాడు. కార్యకర్తలను ఎంచుకునేటప్పుడు ఊళ్లోని అన్ని వాడల నుంచీ తీసుకోవడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

ఆచార్యుడు: ఇది మెరుగైన జవాబే, పూర్తి జవాబు కాదు. ఇప్పుడు అసలు అభ్యంతరం. హైదరాబాదులో డబ్బున్నవాడికి దిగులు వస్తే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర వారానికో గంట గడుపుతాడు. అదే దిగులు అరకులోయలో వస్తే పదో తరగతి చదివి రెండు నెలలు శిక్షణ పొందిన మనిషి వస్తుంది. పేదవాడికి పేద వైద్యం అన్న సూత్రానికి శాస్త్రీయ పరిభాష తొడిగితే దాని రంగు మారదు. కొరత తాత్కాలికమని చెప్పి మొదలుపెట్టిన చౌక ఏర్పాట్లు ఏవీ తాత్కాలికంగా ఉండిపోలేదు. 2005లో ఆశా వ్యవస్థ మొదలైనప్పుడు వారిని స్వచ్ఛంద కార్యకర్తలన్నారు. ఇప్పటికీ ఆ మాట మారలేదు, పని మాత్రం పది రెట్లు పెరిగింది.

శిక్షకురాలు: ఆఖరి మాటతో విభేదం లేదు. అయితే హైదరాబాదులో డబ్బున్నవాడు నిజంగా ఎవరి దగ్గరకు వెళుతున్నాడో చూడాలి. శని, ఆదివారాల కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్న లైఫ్ కోచ్ దగ్గరకు, ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షమంది చూసే మోటివేషన్ స్పీకర్ దగ్గరకు వెళుతున్నవారు తక్కువేమీ కాదు. వారికి చట్టం అడ్డం లేదు, పర్యవేక్షకుడు లేడు, చేయకూడనివాటి పట్టిక అసలే లేదు. ఆ మనిషికన్నా ప్రతి వారం తన సంభాషణ రికార్డును పదిమంది ముందు వినిపించి తప్పులు దిద్దించుకునే పదో తరగతి కార్యకర్త అధమురాలని చెప్పడం కష్టం.

నగరాలలో పుట్టగొడుగుల్లా వెలిసిన ఆ కోర్సుల విషయంలో ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు. ఆచార్యుడు వాటి గురించి అన్న మాటలు అచ్చుకు తగినవి కావు.

ఆచార్యుడు: సరే, గంటల పట్టుదల కొంత సడలించవచ్చు, కానీ ఊరికే కాదు. గంటలకు బదులు సామర్థ్యాన్ని కొలవడానికి ఇప్పుడు పద్ధతులున్నాయి. నేపాల్‌లో రూపొందిన ఎనాక్ట్ అనే కొలమానంలో, నటనకు కూర్చోబెట్టిన బాధితుడితో శిక్షణార్థి ఎలా మాట్లాడుతున్నదీ చూసి, విన్న తీరుకు, సానుభూతికి, ప్రమాదాన్ని పసిగట్టిన తీరుకు విడివిడిగా మార్కులు వేస్తారు. ఇలాంటి కొలమానాలను ఒకచోట చేర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఈక్విప్ అనే పేరుతో 2022లో అందరికీ అందుబాటులో పెట్టాయి. ఇందులో నచ్చిన సంగతి ఏమిటంటే, హాని చేసే ప్రవర్తనను వేరుగా గుర్తిస్తారు. ఎన్ని మంచి మార్కులు వచ్చినా, ఒక్క హానికరమైన పని చేస్తే శిక్షణార్థి మళ్లీ సాధనకు వెళ్లాలి. ఈ పరీక్ష దాటనిదే ఎవరూ ఒంటరిగా రోగిని కలవకూడదు. రెండవది, కార్యకర్త నియామక పత్రంలోనే పర్యవేక్షకుడి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. జిల్లా మానసిక ఆరోగ్య బృందంలో సైకాలజిస్టు పోస్టు, సోషల్ వర్కర్ పోస్టు ఖాళీగా ఉన్న జిల్లాలో ఈ శిక్షణ మొదలుపెట్టనే కూడదు.

శిక్షకురాలు: మొదటిదానికి అభ్యంతరం లేదు, అది రాతపరీక్ష కానంతవరకు. రెండవదానిని అక్షరాలా పాటిస్తే పోస్టులు నింపని జిల్లాలే ఎప్పటికీ ఏమీ లేకుండా ఉండిపోతాయి, నింపనందుకు శిక్ష మాత్రం బాధితులకు పడుతుంది. గోవాలో పర్యవేక్షణ మొదట నిపుణుల చేతిలో ఉండి, తరువాత కౌన్సెలర్లే ఒకరి రికార్డుకు ఒకరు మార్కులు వేసే స్థితికి వచ్చింది. వారు వేసిన మార్కులకూ నిపుణులు వేసిన మార్కులకూ పెద్ద తేడా లేదని తేలింది. జిల్లాలో నిపుణుడు లేకపోతే పక్క జిల్లా నుంచి ఒకరు ఫోన్‌లో వారానికోసారి వినవచ్చు. దీనితో పాటు చేర్చవలసిన మూడవ షరతు ఒకటుంది, అది జీతం. కేసుకు ఇంత అని ప్రోత్సాహకం ఇస్తే కేసులు పెరుగుతాయి, కోలుకునేవారు పెరగరు. నెల జీతం ఉండాలి.

ఆచార్యుడు: నెల జీతం అడిగిన మరుక్షణం ఆర్థిక శాఖ అర్హత అడుగుతుందమ్మా. అర్హత అన్నదగ్గర మళ్లీ 2,000 గంటల గుమ్మమే ఎదురవుతుంది. అర్హత లేకపోతే జీతం లేదు, అర్హత పెడితే ఆ ఊరి మనిషికి ప్రవేశం లేదు.

శిక్షకురాలు: పర్యవేక్షణలో చేసిన పనిని ఆ గంటలలో లెక్కకట్టాలి. రెండు నెలల శిక్షణతో మొదలై, రికార్డులు, పరీక్షలు, వారపు సమావేశాలతో మూడేళ్లు పనిచేసిన మనిషి డిప్లొమా చేతబట్టుకుని బయటికి రావాలి. నర్సింగు విద్యార్థిని వార్డులో గడిపిన సమయం చదువు కిందికి వస్తున్నప్పుడు ఇది రాకపోవడానికి కారణం కనబడదు.

ఆచార్యుడు: కారణం ఉంది. వార్డులో నర్సింగు ట్యూటరు ఉంటుంది, విద్యార్థిని చేసింది చూసి దిద్దుతుంది. ఊళ్లో జరిగిన సంభాషణను పర్యవేక్షకుడు విని అర్థం చేసుకుని దిద్దితేనే అది చదువు గంట అవుతుంది. రికార్డులు చూడకుండా గంటలు కట్టడానికి విశ్వవిద్యాలయం ఒప్పుకోకూడదు.

శిక్షకురాలు: చూడనివ్వండి. కానీ చింతూరు వైపు రికార్డులు చాలావరకు కోయ భాషలో ఉంటాయి, సీతంపేట వైపు సవర భాషలో. బాధితురాలు తన భాషలోనే ఏడుస్తుంది, కార్యకర్త ఆ భాషలోనే జవాబిస్తుంది. అవి విని మార్కులు వేయగలిగిన సైకాలజిస్టులు రెండు తెలుగు రాష్ట్రాలలో ఎంతమంది ఉన్నారు మాస్టారూ?

ఆచార్యుడు దీనికి వెంటనే బదులు చెప్పలేదు. పర్యవేక్షకులను కూడా ఆ భాషలు మాట్లాడే కార్యకర్తల నుంచే తయారుచేయాలని, అందుకు కొందరిని ఎంచి పూర్తికాలపు డిప్లొమాకు పంపాలని, అంతదాకా రికార్డులకు తెలుగు అనువాదం రాయించి చూడవచ్చునని ఆయన ప్రతిపాదించాడు. అనువాదానికి శిక్షకురాలు ఒప్పుకోలేదు. రోగి మాట మూడో మనిషి చేతిలోకి వెళ్లిన క్షణమే గోప్యత పోతుందని ఆమె ఆక్షేపణ. డిప్లొమాకు మాత్రం ఒప్పుకుంది, చదివే రెండేళ్లూ జీతం ఆగకూడదన్న షరతు మీద. ఆ షరతును ఆచార్యుడు తన షరతుల పట్టికలో నాలుగవదిగా చేర్చుకున్నాడు, రెండవదానిని మాత్రం కొట్టివేయలేదు.